లైసెన్స్ లేని వ్యక్తి కారు నడిపి ఢీకొట్టినప్పుడు బాధితుడికి ఇన్సూరెన్స్ పరిహారం వస్తుందా?

గోస్తనీతీరం (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. మా బాబాయి తాపీమేస్త్రీ, వయసు 48 సంవత్సరాలు. రెండు నెలల క్రితం తణుకు దగ్గర పని ముగించుకుని స్కూటర్ మీద ఇంటికి వస్తుండగా, పక్క రోడ్డులోంచి ఆగకుండా హైవే మీదికి వచ్చిన ఒక కారు ఆయనను ఢీకొట్టింది. కుడి కాలికి మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. కొంతకాలానికి నడవగలుగుతారు గానీ, పరంజా ఎక్కడం, బరువులు మోయడం ఇక కష్టమని డాక్టరుగారు చెబుతున్నారు.

కారు నడిపినది డిగ్రీ చదువుతున్న 19 ఏళ్ల కుర్రాడు. అతనికి లైసెన్స్ కాదు గదా, కనీసం ఎల్ఎల్ఆర్ కూడా లేదు. ఆర్సీ అతని తండ్రి పేరు మీద ఉంది. పాలసీ అమలులోనే ఉంది, అది కూడా ఫుల్ ఇన్సూరెన్స్. ఎఫ్ఐఆర్‌లో కారు నంబరు వేసి "కారు డ్రైవరు" అని మాత్రమే రాశారు. చార్జిషీటు ఇంకా వేయలేదు. ఇన్సూరెన్స్ కంపెనీ బ్రాంచికి వెళ్లి అడిగితే, లైసెన్స్ లేని వ్యక్తి నడిపినందువల్ల పాలసీ చెల్లదని, తమ కంపెనీకి ఏ బాధ్యతా లేదని అక్కడి ఉద్యోగి నోటిమాటగా చెప్పి పంపించారు.

ఇప్పుడు కారు యజమాని ఊరి పెద్దల ద్వారా రెండు ప్రతిపాదనలు పంపారు. మొదటిది, ఆయన అల్లుడికి లైసెన్స్ ఉంది గనుక, ఆ రోజు కారు నడిపినది అల్లుడేనని మేము కూడా పోలీసులకు చెబితే ఇన్సూరెన్స్ డబ్బు మొత్తం మాకే వస్తుందట. అది ఇష్టం లేకపోతే రెండు లక్షల రూపాయలు తీసుకుని రాజీ కాగితం మీద సంతకం పెట్టాలట. మా పిన్ని రెండో దానికి మొగ్గుతోంది. బాబాయి మొదటి దానిలో తప్పేముందని అంటున్నారు, "ఎలాగూ దెబ్బ తగిలింది నిజమే కదా" అన్నది ఆయన వాదన. లైసెన్స్ లేనివాడు నడిపితే కంపెనీ నిజంగానే ఏమీ ఇవ్వదా? అల్లుడి పేరు చెప్పడం వల్ల మాకు మేలు జరుగుతుందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.


ఏలూరు వకీలు

గోస్తనీతీరం గారికి, నేను మోటారు ప్రమాద కేసులు ఎక్కువగా చూసే న్యాయవాదిని. మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను: అల్లుడి పేరు చెప్పడానికి ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోకండి. ఎందుకన్నది తెలియాలంటే మొదటి ప్రశ్నకు జవాబు కొంత వివరంగా చెప్పుకోవాలి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీదికి వచ్చే ప్రతి వాహనానికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఈ నిర్బంధం వాహన యజమాని మేలు కోరి పెట్టినది కాదు, ఆ వాహనం వల్ల దెబ్బతినే మీ బాబాయి వంటి వారి కోసం పెట్టినది. యజమానికీ కంపెనీకీ మధ్య కుదిరిన ఒప్పందంలో "నడిపే వ్యక్తికి చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉండాలి" అన్న షరతు ఉన్న మాట నిజమే. ఆ షరతును యజమాని ఉల్లంఘిస్తే దాని ఫలితం యజమాని అనుభవించాలి గానీ, ఆ ఒప్పందంతో ఏ సంబంధమూ లేని బాటసారి ఎందుకు అనుభవించాలన్నది సుప్రీంకోర్టు ముందు పలుమార్లు వచ్చిన ప్రశ్న. 1987లో స్కాండియా ఇన్సూరెన్స్ కేసులో, లారీ డ్రైవరు ఇంజను ఆపకుండా దిగి వెళ్లగా లైసెన్స్ లేని క్లీనరు బండి నడిపి ప్రమాదం చేశాడు. యజమాని తన వంతుగా లైసెన్స్ ఉన్న డ్రైవరునే నియమించాడు గనుక ఆయన షరతును ఉల్లంఘించినట్లు కాదని, కంపెనీయే పరిహారం చెల్లించాలని కోర్టు తీర్పునిచ్చింది. 1996లో సోహన్‌లాల్ పాసీ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును సమర్థించింది.

ఈ విషయంలో నేటికీ అందరూ ఆధారపడే తీర్పు 2004 జనవరి 5న వెలువడిన నేషనల్ ఇన్సూరెన్స్ కంపెనీ వర్సెస్ స్వరణ్ సింగ్. లైసెన్స్ లేకపోవడం, నకిలీది కావడం, గడువు తీరిపోవడం అన్నవి వాటంతట అవే బాధితుడికి వ్యతిరేకంగా కంపెనీ చెప్పుకోదగిన సమాధానాలు కావని, యజమాని తగిన జాగ్రత్త తీసుకోలేదని కంపెనీయే సాక్ష్యాలతో నిరూపించాలని, అలా నిరూపించినప్పటికీ ముందు బాధితుడికి చెల్లించి ఆ తరువాత యజమాని నుంచి వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ (మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే న్యాయస్థానం) ఆదేశించవచ్చని ఆ తీర్పు చెప్పింది. మా కోర్టు వాడుకలో దీనినే "పే అండ్ రికవర్" అంటాము. పాత తీర్పులలో 149వ సెక్షన్ అని కనిపించేది, 2019 సవరణ 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాక 150వ సెక్షన్ అయింది. కాగితాలు చదివేటప్పుడు ఈ నంబర్ల మార్పు చూసి కంగారు పడవద్దు.

ఇక మీ కేసుకు వద్దాము. కుర్రాడు యజమాని కొడుకు, ఒకే ఇంట్లో ఉంటాడు, అతనికి లైసెన్స్ లేదని తండ్రికి తెలియకుండా ఉండదు. కాబట్టి షరతు ఉల్లంఘన జరిగిందని నిరూపించడం కంపెనీకి పెద్ద కష్టం కాదు. తాళాలు తనకు తెలియకుండా తీసుకువెళ్లాడని తండ్రి చెప్పినా నిలబడుతుందన్న నమ్మకం లేదు. 2011లో జవహర్ సింగ్ వర్సెస్ బాలా జైన్ కేసులో మైనరు బంధువు ఒకడు తాళాలు అడగకుండా తీసుకుపోయాడని మోటారు సైకిలు యజమాని వాదించగా, బండి దుర్వినియోగం కాకుండా చూసుకోవలసిన బాధ్యత యజమానిదేనని చెప్పి, అతని నుంచి వసూలు చేసుకునే హక్కును సుప్రీంకోర్టు కంపెనీకి ఇచ్చింది. మీ కేసులోనూ బహుశా అదే జరుగుతుంది: కంపెనీ మీ బాబాయికి చెల్లిస్తుంది, ఆ మొత్తాన్ని కుర్రాడి తండ్రి నుంచి రాబట్టుకుంటుంది.

ఇంతవరకు చదివాక, అల్లుడి పేరు చెప్పమనడంలోని ఆంతర్యం మీకు అర్థమై ఉంటుంది. నడిపినది ఎవరని రాసినా మీ బాబాయికి రావలసిన పరిహారం మారదు. మారేది కారు యజమాని జేబులోంచి పోయే డబ్బు మాత్రమే. అల్లుడి పేరు ఎక్కితే కంపెనీ వసూలు బాధ తండ్రికి తప్పుతుంది, కొడుకు మీద క్రిమినల్ కేసు తప్పుతుంది, కారు రిపేరు ఖర్చు కూడా పాలసీ కిందికి వస్తుంది. ఇంత లాభం ఆయనది కాగా, ప్రమాదమంతా మీ నెత్తిన పడుతుంది. ప్రమాదం జరిగిన చోట ఉన్నవారు కుర్రాడిని చూశారు; ఆసుపత్రి రిజిస్టరులో మొదటి రోజు చెప్పిన మాటలు నమోదై ఉంటాయి; హైవే మీద కెమెరాలు ఉంటాయి; పెద్ద మొత్తం క్లెయిమ్ వచ్చిందంటే కంపెనీ తన ఇన్వెస్టిగేటరును ఊరికి పంపుతుంది. డ్రైవరును మార్చారని తేలిన రోజున, ఇరుపక్షాలూ కుమ్మక్కయ్యాయన్న ఒక్క మాటతో నిజంగా జరిగిన ప్రమాదాన్ని కూడా ట్రిబ్యునల్ నమ్మకుండా పోయే అవకాశం ఉంది. పోలీసులకు తప్పుడు సమాచారం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కిందికి, కోర్టులో అబద్ధపు సాక్ష్యం చెప్పడం 229వ సెక్షన్ కిందికి వస్తాయి. దెబ్బ తగిలినది నిజమే అన్న మీ బాబాయి వాదన న్యాయంగానే ఉంది, కానీ ఆ నిజాన్ని నిలబెట్టడానికి అబద్ధం అక్కరలేదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. కొన్ని ట్రిబ్యునళ్లు కంపెనీని పూర్తిగా తప్పించి, డ్రైవరు, యజమాని మాత్రమే చెల్లించాలని తీర్పు ఇస్తుంటాయి. అటువంటిది జరిగితే 173వ సెక్షన్ కింద 90 రోజులలోపు హైకోర్టుకు అప్పీలు వేసుకోవచ్చు. 2018లో షామన్న కేసులో కంపెనీకి బాధ్యత లేదన్న హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు పక్కన పెట్టి, "పే అండ్ రికవర్" ఆదేశాన్ని తిరిగి నిలబెట్టింది.


పాత క్లెయిమ్స్ ఉద్యోగి

వకీలు గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, కంపెనీ లోపలి వైపు నుంచి కొన్ని మాటలు చేరుస్తాను. నేను ఒక సాధారణ బీమా కంపెనీలో క్లెయిమ్స్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను.

బ్రాంచిలో మీకు చెప్పిన మాట పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. ఫుల్ ఇన్సూరెన్స్ అని మనం పిలిచే ప్యాకేజీ పాలసీలో రెండు వేర్వేరు భాగాలు ఉంటాయి. ఒకటి ఓన్ డ్యామేజ్, అంటే యజమాని సొంత కారుకు జరిగిన నష్టం. రెండవది థర్డ్ పార్టీ. లైసెన్స్ లేని వ్యక్తి నడిపినప్పుడు ఓన్ డ్యామేజ్ క్లెయిమును కంపెనీ తిరస్కరిస్తుంది, ఆ తిరస్కరణ సాధారణంగా వినియోగదారుల కమిషన్‌లోనూ నిలబడుతుంది. స్వరణ్ సింగ్ తీర్పులోని సూత్రం ఓన్ డ్యామేజ్‌కు వర్తించదని 2007లో లక్ష్మీనారాయణ్ ధూత్ కేసులో సుప్రీంకోర్టే స్పష్టం చేసింది. కౌంటరులో కూర్చున్నవారు రోజూ చూసేది ఈ రిపేరు క్లెయిములనే గనుక, అదే జవాబును బాధితులకు కూడా చెప్పేస్తుంటారు. థర్డ్ పార్టీ బాధ్యత ఉందో లేదో తేల్చవలసినది ట్రిబ్యునల్, బ్రాంచి కాదు. వారు నోటిమాటగా కాక ఉత్తరం రాసి ఇచ్చినా సరే, అది మీ కేసుకు అడ్డం కాదు.

థర్డ్ పార్టీ ప్రీమియం రేట్లను ఏ కంపెనీకి ఆ కంపెనీ నిర్ణయించుకోదు, కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేస్తుంది. 1000 నుంచి 1500 సీసీ మధ్య ఉన్న ప్రైవేటు కారుకు 2022 జూన్ నుంచి నోటిఫై చేసిన రేటు ఏడాదికి 3,416 రూపాయలు. ఆ కొద్ది మొత్తానికి, మనుషులకు తగిలిన గాయాలకూ మరణానికీ కంపెనీ మోసే బాధ్యతకు పై పరిమితి లేదు, ట్రిబ్యునల్ ఎంత నిర్ణయిస్తే అంత. ఇతరుల ఆస్తి నష్టానికి మాత్రం ప్రైవేటు కారు పాలసీలో ఏడున్నర లక్షల పరిమితి ఉంటుంది. మీ బాబాయి స్కూటరు రిపేరు ఖర్చు ఈ భాగం కిందికి వస్తుంది కాబట్టి దాన్ని అడగడం మరచిపోకండి. కాళ్లు విరిగిన కంగారులో బండి సంగతి చాలామంది వదిలేస్తారు.

లైసెన్స్ లేదని కంపెనీ ఎలా నిరూపిస్తుందన్నది కూడా మీరు తెలుసుకోవాలి. చార్జిషీటులో 181వ సెక్షన్, అంటే లైసెన్స్ లేకుండా నడిపిన నేరం, చేర్చారా అని ముందుగా చూస్తారు. లైసెన్స్ చూపించమని యజమానికీ డ్రైవరుకూ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇస్తారు. తరువాత రవాణా శాఖ కార్యాలయం నుంచి గుమస్తాను సాక్షిగా పిలిపించి, ఆ వ్యక్తి పేరిట లైసెన్స్ జారీ కాలేదని చెప్పిస్తారు. ఇదంతా కంపెనీకీ యజమానికీ మధ్య జరిగే పోరాటం. అది జరుగుతున్నంతసేపు మీరు ఆందోళన పడి, మధ్యలో యజమాని తరఫున మాట్లాడవలసిన అవసరం ఏమీ లేదు.

లైసెన్స్ లేదు అన్న మాట కింద చాలా రకాల పరిస్థితులు కలిసిపోతాయి గనుక ఇతర పాఠకుల కోసం చెబుతున్నాను. ఎల్ఎల్ఆర్ ఉన్న వ్యక్తి, పక్కన లైసెన్స్ ఉన్న మనిషిని కూర్చోబెట్టుకుని, ఎల్ బోర్డు పెట్టుకుని, 1989 కేంద్ర మోటారు వాహన నియమాలలోని 3వ నియమం ప్రకారం నడిపితే అది షరతు ఉల్లంఘన కాదు. పాలసీలోనే ఆ మాట రాసి ఉంటుంది. పక్కన ఎవరూ లేకుండా ఒంటరిగా నడిపితే మాత్రం ఆ రక్షణ పోతుంది. కారు లైసెన్స్‌తో చిన్న రవాణా వాహనం నడిపిన కేసులలో కంపెనీలు ఏళ్ల తరబడి వాదించాయి గానీ, లైట్ మోటార్ వెహికిల్ లైసెన్స్ ఉన్నవారు స్థూల బరువు (సరుకుతో కలిపి మొత్తం బరువు) 7,500 కిలోలు దాటని రవాణా వాహనాన్ని ప్రత్యేక అనుమతి లేకుండానే నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. గడువు తీరిన లైసెన్స్‌కు పూర్వం 30 రోజుల వెసులుబాటు ఉండేది, 2019 సవరణలో దానిని తీసివేశారు. రెన్యూవల్ సంగతి తరువాత చూద్దాంలే అనుకునేవారు ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకోవాలి.


మానేరు

ఇదే విషయంలో నాకు ఒక అనుమానం ఉంది. మా అన్నయ్య కరీంనగర్‌లో ట్యాక్సీ పెట్టుకుని డ్రైవరును నియమించారు. నియమించేటప్పుడు లైసెన్స్ కార్డు చూసి, బండి నడిపించి చూసి, జిరాక్సు తీసి పెట్టుకున్నారు. ప్రమాదం జరిగిన తరువాత ఆ లైసెన్స్ నకిలీదని కంపెనీ అంటోంది. ఇక్కడ కూడా మొత్తం మా అన్నయ్య నుంచి వసూలు చేస్తారా?


ఏలూరు వకీలు

మానేరు గారూ, మీ అన్నయ్యగారి పరిస్థితి చాలా మెరుగ్గా ఉంది. యజమాని లైసెన్స్ చూసి, నడపడం వచ్చని నిర్ధారించుకుని నియమించినప్పుడు, అది అసలుదో నకిలీదో రవాణా కార్యాలయానికి వెళ్లి విచారించవలసిన బాధ్యత ఆయనకు లేదని 2003లో లెహ్రూ కేసులోనూ, 2022లో రిషిపాల్ సింగ్ కేసులోనూ సుప్రీంకోర్టు చెప్పింది. నకిలీదని ఆయనకు ముందే తెలుసునని కంపెనీ నిరూపిస్తే తప్ప ఆయన నుంచి వసూలు చేయడం కుదరదు. ఆ జిరాక్సు కాగితాన్ని, జీతం ఇచ్చిన ఆధారాలను భద్రపరచి, ఆయనే స్వయంగా సాక్ష్యం చెప్పాలి. కోర్టు నోటీసు వచ్చినా హాజరు కాకుండా, కంపెనీ వాళ్లే చూసుకుంటారులే అని ఇంట్లో కూర్చునే యజమానులే చివరికి మునుగుతారు. 2018లో పప్పు వర్సెస్ వినోద్ కుమార్ లంబా కేసు ఇందుకు మంచి ఉదాహరణ: లైసెన్స్ ఉన్న మనిషే బండి నడిపాడని యజమాని మాటగా చెప్పారు గానీ ఆధారం చూపలేదు, చివరికి బాధితుడికి చెల్లించి యజమాని నుంచి వసూలు చేసుకోమని కంపెనీకి ఆదేశం వచ్చింది.


గోస్తనీతీరం

మీరందరూ ఇంత ఓపికగా వివరించినందుకు కృతజ్ఞతలు. మీ జవాబులను ఇంట్లో చదివి వినిపించాను. అల్లుడి పేరు చెప్పే ప్రసక్తి లేదని బాబాయి ఒప్పుకున్నారు. అయితే ఇంతవరకు ప్రస్తావించని ఒక విషయం ఆయనను వేధిస్తోంది. ఆయనకు కూడా టూవీలర్ లైసెన్స్ లేదు. ఎన్నో ఏళ్లుగా స్కూటర్ నడుపుతున్నారు గానీ ఎప్పుడూ తీసుకోలేదు. పైగా ఆ స్కూటరు ఇన్సూరెన్స్ కూడా గడువు తీరిపోయింది. ఈ సంగతి తెలిసే కాబోలు, "కోర్టుకు వెళితే నీ గుట్టు కూడా బయటపడుతుంది" అని కారు యజమాని మనుషులు అంటున్నారు. నష్టపరిహారం అడిగే అర్హత ఆయనకు ఉందా? అలాగే రెండు లక్షల రాజీ విషయంలో కూడా మీ సలహా కావాలి. ఆయన సంపాదన నెలకు సుమారు 15,000 రూపాయలు ఉంటుంది, కానీ దానికి కాగితాలు ఏమీ లేవు. బిల్లులు మాత్రం అన్నీ దాచాము.


పాత క్లెయిమ్స్ ఉద్యోగి

ఆ బెదిరింపుకు లొంగవద్దు. స్కూటరు ఇన్సూరెన్స్ లేనందుకు 196వ సెక్షన్ కింద మొదటిసారి అయితే రెండు వేల రూపాయల జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లైసెన్స్ లేనందుకు 181వ సెక్షన్ కింద ఐదు వేల రూపాయల జరిమానా లేదా అదే మేరకు జైలు ఉంటాయని చట్టంలో ఉంది. ఆచరణలో ఇటువంటివి జరిమానాతోనే ముగుస్తాయి. కొడుకు చేతికి కారు ఇచ్చినందుకు 180వ సెక్షన్ కింద అంతే శిక్ష ఆ తండ్రికీ ఉంది. కుర్రాడు 18 ఏళ్లు నిండనివాడై ఉంటే 199-ఏ సెక్షన్ కింద తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాదిపాటు కారు రిజిస్ట్రేషన్ రద్దు దాకా వెళ్లేది. గుట్టు బయటపడుతుందని భయపడవలసినది ఎవరో వారే ఆలోచించుకోవాలి. పరిహారం అర్హత గురించి వకీలు గారు చెబుతారు.


ఏలూరు వకీలు

అర్హత నిస్సందేహంగా ఉంది. ఢీకొనడానికి కారణం ఎవరి నిర్లక్ష్యం అన్నదే ట్రిబ్యునల్ చూస్తుంది. 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులో, లైసెన్స్ లేకుండా బండి నడుపుతున్న బాలుడిని మినీ ట్రక్కు ఢీకొట్టింది. లైసెన్స్ లేనంత మాత్రాన ప్రమాదంలో అతని తప్పు కూడా ఉన్నట్లు కాదని, అతను బండి నడిపిన తీరు ప్రమాదానికి కారణమైందని నిరూపిస్తేనే పరిహారంలో కోత పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. పక్క రోడ్డులోంచి ఆగకుండా హైవే ఎక్కినది కారు. మీ బాబాయి తన దారిన తాను వస్తున్నారు. ఘటనా స్థలం పంచనామా, స్కెచ్, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు) రిపోర్టు ఈ మాటను బలపరిస్తే, ఆయనకు లైసెన్స్ లేకపోవడం వల్ల పరిహారం తగ్గే ప్రశ్న రాదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగితే లేదని నిజమే చెప్పాలి.

రాజీ మొత్తం సంగతి లెక్క వేసి చూపిస్తాను, మీ పిన్నిగారికి వినిపించండి. 15,000 ఆదాయాన్ని ట్రిబ్యునల్ అంగీకరించిందని అనుకుందాము. 40 నుంచి 50 ఏళ్ల మధ్య వయసున్న స్వయం ఉపాధివారికి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 25 శాతం చేర్చాలని 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పు చెబుతోంది. శాశ్వత వైకల్యం మిగిలిన గాయాల కేసులకూ దానిని వర్తింపజేస్తున్నారు. అప్పుడు నెలకు 18,750, ఏడాదికి 2,25,000 అవుతుంది. 46 నుంచి 50 ఏళ్లవారికి 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని హెచ్చవేయవలసిన సంఖ్య, 13. అంటే 29,25,000. ఇందులో ఆయన పని చేసే శక్తి ఎంత శాతం పోయిందో అంత ఇస్తారు. డాక్టరు సర్టిఫికెట్‌లో కాలికి 30 శాతం అని రాసినంత మాత్రాన సంపాదన కూడా 30 శాతమే పోయిందని అనుకోనక్కరలేదు. గుమస్తా కాలు విరగడం, పరంజా ఎక్కవలసిన మేస్త్రీ కాలు విరగడం ఒకటి కావని 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ తీర్పు చెప్పిన సూత్రం నుంచి తేలుతుంది. ఒకవేళ 30 శాతమే తీసుకున్నా 8,77,500 రూపాయలు వస్తుంది. ఆసుపత్రి బిల్లులు, మంచాన ఉన్న నెలల సంపాదన, సహాయకుల ఖర్చు, బాధకు ఇచ్చే మొత్తం, వడ్డీ దీనికి అదనం. ట్రిబ్యునల్ ఆదాయాన్ని తగ్గించి వేసినా, రెండు లక్షలకు మీరు ఎందుకు సంతకం పెట్టాలో నాకు అర్థం కావడం లేదు. తొందరగా డబ్బు కావాలన్నదే మీ పిన్నిగారి ఆలోచన అయితే, కేసు వేసిన తరువాత లోక్ అదాలత్‌లో కంపెనీతోనే రాజీ పడవచ్చు. బయట రాసుకున్న కాగితాన్ని రేపు ట్రిబ్యునల్‌లో మీకు వ్యతిరేకంగానే చూపిస్తారు.

ఆదాయానికి కాగితాలు లేవని బెంగ వద్దు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు గుర్తింపు కార్డు ఉంటే జత చేయండి. ఆయన పని చేసిన ఇంటి యజమానిని గానీ, కాంట్రాక్టరును గానీ సాక్షిగా పెట్టండి.

కేసు మీరు నివసించే చోటి పరిధిలోని ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు, ప్రమాదం జరిగిన ఊరికే వెళ్లనక్కరలేదు. కుర్రాడిని, తండ్రిని, కంపెనీని ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చాలి. తండ్రిని వదిలేస్తే వసూలు ఆదేశం దగ్గర చిక్కు వస్తుంది. 166వ సెక్షన్‌లో ఇప్పుడు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలల గడువు ఉంది, అందులో రెండు నెలలు ఇప్పటికే అయిపోయాయి. పోలీసులు తమంతట తాము ట్రిబ్యునల్‌కు పంపవలసిన మొదటి ప్రమాద నివేదిక, వివరమైన నివేదిక పంపారో లేదో స్టేషన్‌లో రాతపూర్వకంగా అడగండి. అదే సమయంలో, కారు నడిపినది ఎవరో బాబాయి ఇచ్చిన వాంగ్మూలంలో పేరుతో సహా నమోదైందో లేదో చూసుకోండి. నమోదు కాకపోతే చార్జిషీటు వేయకముందే, ప్రమాదాన్ని చూసినవారి పేర్లతో కలిపి మరొక అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

తీర్పు వచ్చిన తరువాత ఒక్క చోట ఆలస్యం జరగవచ్చని ముందే చెబుతున్నాను. 2004 నాటి నంజప్పన్ తీర్పు ప్రకారం, కంపెనీ జమ చేసిన డబ్బును మీకు విడుదల చేసే ముందు యజమానికి నోటీసు ఇచ్చి, ఆ మొత్తానికి హామీ చూపించమని, అవసరమైతే కారును జప్తు చేయమని ట్రిబ్యునల్ ఆదేశించవచ్చు. అది కంపెనీ వసూలు కోసం చేసే ఏర్పాటు. వేరే దావా వేయకుండా అదే ఫైలులో ఎగ్జిక్యూషన్ పిటిషన్ (తీర్పు అమలు కోసం వేసే అర్జీ) వేసుకుని కంపెనీ యజమాని మీదికి వెళుతుంది, మీరు అందులో కలగజేసుకోనక్కరలేదు.

వైకల్య ధ్రువపత్రం జిల్లా మెడికల్ బోర్డు నుంచి తీసుకోవాలి. ఎముక పూర్తిగా అతుక్కున్న తరువాతే వారు శాతం నిర్ణయిస్తారు. దాని కోసం ఆగి కేసు వేయడం ఆలస్యం చేయవద్దు. పిటిషన్ ఇప్పుడే వేసి, ధ్రువపత్రాన్ని సాక్ష్యం దశలో దాఖలు చేయవచ్చు.